గడువు గారూ, మళ్లీ రేపు రండి

శ్రీయుత గడువు గారికి,

ఉభయకుశలోపరి. ఈ ఉత్తరం ఏ చిరునామాకి వేయాలో తెలియక చాలా రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. 2017 డిసెంబరులో ఉంటారనుకుంటే 2022కి మకాం మార్చారన్నారు. అక్కడికి వెళ్తే తలుపుకు తాళం, 2024కి వెళ్లారని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ తర్వాత 2026, ఆ తర్వాత 2029. మా ఊళ్లో చీటీలు వేయించి పారిపోయినాయన కూడా ఇన్ని ఇళ్లు మారలేదండీ.

మిమ్మల్ని ఎరగని వాళ్ల కోసం మీ జాతకం ఒకసారి చెప్తాను. మీరు పుట్టింది 2015 డిసెంబరు 7న, ఢిల్లీలో, కేంద్ర పర్యావరణ శాఖ వారింట్లో. సరిగ్గా అప్పుడే పారిస్‌లో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని వాతావరణ ఒప్పందం రాసుకుంటున్నాయి, కాబట్టి ముహూర్తబలానికి లోటేమీ లేదు. బొగ్గు కాల్చి కరెంటు తీసే థర్మల్ స్టేషన్ల చిమ్నీల్లోంచి ధూళి ఒక్కటే కాదు, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, పాదరసం కూడా ఇంతకు మించి రాకూడదని ఆ రోజు నిబంధన పెట్టారు. పాత స్టేషన్లు సర్దుకోవడానికి రెండేళ్లిచ్చారు. ఆ రెండేళ్ల పేరే గడువు, అంటే తమరు.

మీరు కాపలా కాయాల్సిన యంత్రం పేరు ఎఫ్‌జీడీ. పేరు చూసి బెదరక్కర్లేదు. సున్నపురాయిని పొడి చేసి నీళ్లలో కలిపి, పైకి పోయే పొగ మీద ఆ నీళ్లు జల్లుగా కొడతారు, పొగలోని సల్ఫర్ సున్నంతో కలిసి జిప్సం అయి కిందికి దిగుతుంది, ఆ జిప్సం సిమెంటు ఫ్యాక్టరీలకు పనికొస్తుంది. ముంబైలో ట్రాంబే దగ్గర సముద్రపు నీళ్లతో ఇలాంటి పనే 1980లలోనే చేసి చూపించారు. కాబట్టి "ఇంకా టెక్నాలజీ రాలేదు" అనే మాట నా దగ్గర చెప్పకండి.

మా తాతగారి ఊళ్లో ఒకప్పుడు ప్రతి తలుపు మీదా బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. రాత్రి పూట దెయ్యం వస్తుంది, తలుపు మీది అక్షరాలు చదువుతుంది, సరే రేపొద్దాం అనుకుని వెళ్లిపోతుంది, మర్నాడు వస్తే మళ్లీ అదే అక్షరాలు. చదువొచ్చిన దెయ్యం, పాపం మర్యాదస్తురాలు. మీరూ అంతే. థర్మల్ గేటు మీద రాసింది చదువుకుని పదేళ్లుగా వెనక్కి నడుస్తున్నారు. మధ్యలో 2021లో మీ చేతికి ఒక బెత్తం కూడా ఇచ్చారు, గడువు దాటితే యూనిట్‌కు ఇన్ని పైసలని జరిమానా, ఎంత గట్టిగా కొట్టినా అప్పట్లో ఇరవై పైసలు దాటేది కాదు. స్టేషన్‌ను బట్టి తేదీలు వేరు, ఆ బెత్తం ఎత్తాల్సిన మొదటి తేదీ 2022 డిసెంబరు. సెప్టెంబరులోనే మిమ్మల్ని రెండేళ్లు ముందుకు జరిపేశారు. 2024 డిసెంబరు 30న, అంటే ఆ రెండేళ్లు కూడా నిండటానికి ఒక్క రోజు ముందు, ఇంకో మూడేళ్లు. పరీక్షకు ముందు రోజు సాయంత్రం సెలవు ప్రకటించే హెడ్‌మాస్టర్ దొరికితే ఏ పిల్లాడు పుస్తకం తీస్తాడండీ?

మా పిన్ని వాళ్ల ఊరికి నాలుగు కిలోమీటర్లలో ఒక థర్మల్ ఉంది. పేరెందుకులెండి, బాబాయి అందులోనే కాంట్రాక్టు పని చేసి ఇద్దరు పిల్లల్ని చదివించాడు, దాని మీద ఈగ వాలనివ్వడు. ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు జరిగే పని ఏంటంటే, పిన్ని డాబా ఎక్కి చూపుడువేలు తడిపి పిట్టగోడ మీద గీస్తుంది. వేలు నల్లగా వస్తే ఆ రోజు బట్టలు లోపలి గదిలో ఆరేయాలి. తెల్లగా వస్తే గుమ్మడి వడియాలు పెట్టొచ్చు, అదీ పాత నేత చీర కింద పరిచి, పైన ఇంకో పల్చటి చీర కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి. బాబాయి స్కూటర్ సీటు తుడవడానికి డిక్కీలో ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఉంటుంది. తుడుస్తూనే చెప్తాడు, "ఇదేం బూడిదరా, ముందు నువ్వు కూడా చూశావుగా, ఇప్పుడు చాలా నయం."

నిజం ఒప్పుకోవాలి, ఆ వేలికి అంటే బూడిద మీ లెక్కలోది కాదు. అది మీ పెదనాన్నగారి శాఖ. 1999లో థర్మల్ బూడిదను ఇటుకలకూ సిమెంటుకూ వాడి తీరాలని పుట్టిన ఆ పెద్దమనిషిని 2003, 2009, 2016, 2021లలో సవరిస్తూనే వచ్చారు. వంశంలోనే ఉందన్నమాట. మీ లెక్కలోది కంటికి కనపడదు. గాలిలోకి పోయిన సల్ఫర్ అక్కడే ఆగదు, దారిలో సన్నటి ధూళిగా మారి వందల కిలోమీటర్లు వెళ్తుంది, వేలితో గీసి కనిపెట్టే వీలు పిన్నికి లేదు.

ఇక 2025 జూలై 11 సంగతి. ఆ రోజు మీకు స్వచ్ఛంద పదవీ విరమణ ఇచ్చారు. పది కిలోమీటర్ల లోపు ఢిల్లీ రాజధాని ప్రాంతమో, పది లక్షల జనాభా ఉన్న నగరమో ఉంటే ఆ స్టేషన్లు 2027 చివరికల్లా ఎఫ్‌జీడీ పెట్టాలి. బాగా కలుషితమైన ప్రాంతాల పక్కన ఉన్నవాటి సంగతి ఒక్కొక్కటిగా చూస్తారు. మిగతావి, అంటే దేశంలో ముప్పావు వంతుకు పైగా యూనిట్లు, సల్ఫర్ గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు, చిమ్నీ ఉండాల్సిన ఎత్తు ఉంటే చాలు. మా పిన్ని వాళ్ల చుట్టుపక్కల ఊపిరి పీల్చేవాళ్లు పది లక్షల మంది లేరు. కోరం చాలలేదు.

దానికి చెప్పిన కారణాలు కూడా విన్నాను. మన బొగ్గులో సల్ఫర్ తక్కువ, అర శాతమే అన్నారు. నిజమే, తక్కువే. కానీ గడువు గారూ, మీ మేనమామ కొడుకు ఒకాయన ఉన్నాడు గుర్తుందా, బళ్ల పొగకు పెట్టిన బీఎస్-6 గడువు? 2020 ఏప్రిల్ 1 అంటే ఏప్రిల్ 1 అన్నాడు, సుప్రీంకోర్టు పక్కన నిలబడింది, కంపెనీలు టైం చాలదని మొత్తుకున్నా కదల్లేదు. అంతకుముందు బీఎస్-4 అన్నయ్య వచ్చినప్పుడైతే, పాత బీఎస్-3 బళ్లు ఇక అమ్మకూడదని 2017 మార్చి చివరి రెండు రోజులు షోరూముల ముందు జనం, బళ్ల మీద వేలల్లో డిస్కౌంట్లు, మా తమ్ముడు అప్పు చేసి మరీ ఒకటి తెచ్చాడు. ఇప్పుడు నా బండిలో పోసే పెట్రోలులో పది లక్షల వంతుల్లో సల్ఫర్ పది వంతులకు మించకూడదు. మరి "అర శాతమే" అన్న బొగ్గులో? అదే కొలతలో ఐదు వేలు. నా బండి రోజుకు అర లీటరు తాగుతుంది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తిగా నడిస్తే రోజుకు ఏడెనిమిది వేల టన్నుల బొగ్గు మింగుతుంది, కాస్త బూడిదలో ఉండిపోయినా 70 టన్నుల దాకా సల్ఫర్ డయాక్సైడ్ పైకి పంపుతుంది. అయినా పొల్యూషన్ సర్టిఫికెట్ లేదని చౌరస్తాలో ఆపేది నన్ను.

ఇంకో కారణం నాకు మరీ నచ్చింది. ఎఫ్‌జీడీ పెడితే సున్నపురాయిలోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, భూమి వేడెక్కుతుంది అట. రసాయన శాస్త్రం ప్రకారం తప్పు కాదు. మా అబ్బాయి కెమిస్ట్రీ పుస్తకం ముందేసుకుని లెక్క వేశాను, ఆ 70 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టుకుంటే సున్నపురాయిలోంచి ఓ 50 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అదే యూనిట్ బొగ్గు కాల్చి అదే రోజు వదిలేది పది వేల టన్నులు. యంత్రం తినే కరెంటు, రాయి తవ్వి లారీల్లో మోసే ఖర్చు కూడా కలుపుకోండి, నేను కాదనను. కుండెడు పాయసం తాగి, పైన వేసిన యాలక్కాయ వల్ల షుగర్ పెరిగిందన్నట్టుంది.

ఎత్తు చిమ్నీ సంగతి అడగనే అక్కర్లేదు. పెద్ద యూనిట్లకు 275 మీటర్లు. అంత పైనుంచి వదిలితే దగ్గర్లో పడదు, దూరంగా పడుతుంది. చెత్త పక్కింటి గోడ అవతల పోసే వాళ్లని మా వీధిలో వేరే పేరుతో పిలుస్తారు.

ఖర్చు మాటకొస్తే, సడలింపు వల్ల కరెంటు యూనిట్‌కు పాతిక, ముప్పై పైసలు కలిసొస్తుందని పేపర్లో వచ్చింది. మా ఇంట్లో నెలకు 200 యూనిట్లు, అంటే అరవై రూపాయలు. మా సందు చివర హోటల్లో రెండు ప్లేట్ల ఇడ్లీ కూడా పూర్తిగా రావు. పేదవాళ్లకు ఆ అరవై కూడా బరువేనంటే ఒప్పుకుంటాను, దానికి సబ్సిడీ ఇవ్వండి, అలవాటైన పనే కదా. నాకు బాధ ఎవరి గురించంటే, మొదట్లో మిమ్మల్ని నమ్మి, కోట్లు పోసి ఎఫ్‌జీడీ కట్టేసిన స్టేషన్ల గురించి. వాళ్ల డబ్బు యంత్రంలో ఇరుక్కుంది, కట్టకుండా కూర్చున్నవాడు సన్మానం చేయించుకున్నాడు. ఈసారి ప్రభుత్వం ఎంత మంచి నిబంధన తెచ్చినా, ఫ్యాక్టరీ వాళ్లు చేసే మొదటి పని ప్లాంటు డ్రాయింగులు గీయించడం కాదు, ఢిల్లీకి టికెట్ బుక్ చేయించడం. కొత్తగా ఇంకా కఠినమైన రూల్సు కావాలా వద్దా అని టీవీల్లో వాదించుకుంటున్నారు చూడండి, నాకు నవ్వొస్తుంది. పాతదాన్ని ఒక్కసారి అనుకున్న తేదీకి నిలబెట్టి చూపించండి, తర్వాత వాదించుకుందాం.

మీ మీద నాకు వ్యక్తిగతంగా కోపం లేదు. ఎవరు జరిపితే అటు జరిగారు, అంతే. ఒక చిన్న సాయం కోసం రాశాను. మా ఇంటి కరెంటు బిల్లుకు ఆఖరి తేదీ ఈ నెల 18. ఆయన మీకు బాబాయి వరస అవుతారనుకుంటా, కానీ మనిషి బొత్తిగా మీ పోలిక కాదు, దాటితే ఫైను వేస్తాడు, ఇంకా దాటితే లైన్‌మన్‌ను నిచ్చెనతో పంపిస్తాడు. 2029 దాకా అక్కర్లేదు. ఒకటో తారీఖు జీతం పడేదాకా ఆగమని మీరొక్క మాట చెప్పగలరా?

ఇట్లు,
మీ విధేయుడు,
గృహ వినియోగదారుడు, కేటగిరీ 1