‘ఢిల్లీ డీజిల్ ఎస్‌యూవీ సగం ధరకే’ అన్న మెసేజ్: ఆ లెక్క ఎక్కడెక్కడ తప్పుతుందంటే

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక మెసేజ్ సారాంశం ఇది: “ఢిల్లీలో పదేళ్లు నిండిన డీజిల్ బండ్లను రోడ్డెక్కనివ్వరు, అందుకే ఎస్‌యూవీలు సగం ధరకే ఇచ్చేస్తున్నారు. ఎన్‌ఓసీ తెచ్చుకుని మన దగ్గర కొంచెం ట్యాక్స్ కడితే చాలు. డీజిల్ ఇంజిన్‌కు 5 లక్షల కిలోమీటర్ల దాకా ఢోకా లేదు. తక్కువ తిరిగిన బండి చూసి తీసుకోండి. మైలేజీలోనే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. కొత్త మోడలైతే డీపీఎఫ్ (పొగలోని మసిని ఆపే ఫిల్టర్) తీయించేస్తే తలనొప్పే ఉండదు. పేరు మార్పిడి తర్వాత నిదానంగా చేసుకోవచ్చు.”

ప్రతి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. నమ్మి దెబ్బతినేది మాత్రం మూడు నాలుగు లక్షలు కూడబెట్టుకుని మొదటిసారి పెద్ద బండి కొనేవాళ్లు. ఒక్కో మాటా విడిగా చూద్దాం.

“ఢిల్లీలో సగం ధరకే ఇచ్చేస్తున్నారు”

ఎన్‌సీఆర్‌లో, అంటే ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాల్లో, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇంతవరకు మెసేజ్ కరెక్టే. కానీ 2025 ఆగస్టులో అదే సుప్రీంకోర్టు, వయసు దాటిందన్న ఒక్క కారణంతో యజమానుల మీద చర్యలు తీసుకోవద్దంది. డిసెంబరులో ఆ రక్షణ బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం), ఆపై బండ్లకే వర్తిస్తుందని సవరించింది. ఢిల్లీలో కార్లకు బీఎస్-4 వచ్చింది 2010లో. కాబట్టి 2013, 2014 మోడల్ బండి ఉన్నాయన అయినకాడికి అమ్ముకోవాల్సిన అవసరం ఇప్పుడు లేదు. అయినా సగం ధరకే వస్తోందంటే బండిలోనో కాగితాల్లోనో ఏదో లోపం ఉందనే అనుకుని వెతకాలి.

“ఎన్‌ఓసీ తెచ్చుకుని కొంచెం ట్యాక్స్ కడితే చాలు”

ఫారం 28 మీద ఇచ్చే ఎన్‌ఓసీలో (బండిని వేరే చోటికి మార్చుకోవచ్చన్న అనుమతి కాగితం) బండి ఏ ఆర్టీఏ పరిధికి పోతోందో రాసి ఉంటుంది. కరీంనగర్‌కని రాయించిన కాగితం పట్టుకుని హనుమకొండ ఆఫీసుకు వెళ్తే తిరుగు ప్రయాణమే. బండి మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఒప్పుకోకుండా ఎన్‌ఓసీ రాదు. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొట్టి ఆర్‌సీ యాక్టివ్‌గా ఉందా, హైపోథికేషన్ (అప్పు కింద తాకట్టు) ఎవరి పేరున ఉంది, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నవి చూడాలి.

ట్యాక్స్ సంగతి. మన దగ్గర లైఫ్ ట్యాక్స్ మీరు కొన్న ధర మీద వేయరు. బండి కొత్తగా షోరూమ్ నుంచి బయటికొచ్చినప్పటి ఇన్‌వాయిస్ ధర మీద, వయసును బట్టి తగ్గే శాతంతో వేస్తారు. ఇన్‌వాయిస్ 12 లక్షలైతే ఒక్కో శాతానికి 12 వేలు. నేను 3 లక్షలకే కొన్నానండీ అంటే ఆ కౌంటర్లో చెల్లదు. పాత రాష్ట్రంలో కట్టిన ట్యాక్స్ వాపసు కోసం అక్కడే దరఖాస్తు పెట్టుకోవాలి. వీటికి తోడు దాదాపు 1,500 కిలోమీటర్లు నడిపించుకొచ్చే డీజిలు, టోళ్లు, దారి పొడవునా అమల్లో ఉండాల్సిన ఇన్సూరెన్స్.

ఇంకొకటి, సొంత బండి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. పదకొండేళ్ల బండి తెస్తే మిగిలేది నాలుగేళ్లు. ఆ తర్వాత తనిఖీ, రెన్యువల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్, మళ్లీ ఐదేళ్లకు అదే తంతు. తిరిగి అమ్మబోయినప్పుడు కొనేవాడు మొదట అడిగేది ఈ గడువు గురించే.

“5 లక్షల కిలోమీటర్ల దాకా ఢోకా లేదు”

బ్లాకు, క్రాంకు, పిస్టన్ల వరకు ఇది చాలాసార్లు నిజమే. ఆయిల్ టైముకు మార్చిన డీజిల్ ఇంజిన్ బోరుకు (సిలిండర్లు అరిగి చేయించాల్సిన పెద్ద పనికి) రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అయితే ఇవాళ్టి డీజిల్ బండిని షెడ్డుకు చేర్చేది బోరు కాదు, దాని చుట్టూ ఉన్న సామాను: ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి), హై ప్రెషర్ పంపు, టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టేది), ఈజీఆర్ వాల్వు (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది), డ్యూయల్ మాస్ ఫ్లైవీలు (క్లచ్ దగ్గర ఉండే రెండు ముక్కల బరువు చక్రం). ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం, కామన్ రైల్‌లో డీజిలు 1,600 బార్, కొన్నిట్లో అంతకు మించిన ఒత్తిడితో వెళ్తుంది. అంత ఒత్తిడి మీద ఇంజెక్టర్ లోపలి వాల్వు కొద్దిగా అరిగినా, డీజిల్లో నీరు చేరినా పని చెడుతుంది. నాలుగు ఇంజెక్టర్లూ మార్చాల్సి వస్తే బేరంలో మిగిలిందంతా అక్కడే ఖర్చవుతుంది.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బోనెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆ పూటకు చూడటం మానేయండి, ఎందుకంటే చెప్పాల్సినవన్నీ చల్లటి ఇంజినే చెబుతుంది. తాళం తిప్పి హీటర్ ప్లగ్ లైటు ఆరాక సెల్ఫ్ కొడితే ఒకటి రెండు సెకన్లలో అందుకోవాలి. మొదట కాస్త తెల్లపొగ వచ్చి పోతే పర్వాలేదు. డీజిల్ వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఇంజెక్టరో కంప్రెషనో పోయినట్టు. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది, టర్బో సీలో రింగులో. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నల్లపొగ దట్టంగా వస్తే గాలి పైపు చిట్లడం, ఈజీఆర్ మూసుకుపోవడం, ఇంజెక్టర్ ఎక్కువ పోయడం, ఈ మూడింట్లో ఒకటి.

తర్వాత ఆయిల్ పోసే మూత విప్పి, అదే రంధ్రం మీద ఊరికే ఆనించి పెట్టి ఇంజిన్ ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచండి. మూత కొద్దిగా వణికితే మామూలే. ఎగిరెగిరి పక్కకు పడుతూ పొగ ఊదుతుంటే రింగుల దగ్గర్నుంచి గ్యాసు కిందికి దిగుతోందన్న మాట, అప్పుడు బోరు పని దగ్గర్లోనే ఉన్నట్టు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది) పోయే గొట్టం విప్పితే లోపల పల్చటి ఆయిల్ తడి ఉండటం సహజం, చెంచాడు ఆయిల్ కారితే కాదు.

ఇంజెక్టర్ల సంగతి తేల్చే పరీక్ష పంపు షాపులో చేయిస్తారు. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపు పీకి నాలుగు చిన్న సీసాల్లోకి వదిలి, కొన్ని నిమిషాలు ఐడిలింగ్‌లో నడుపుతారు. నాలుగింట్లోనూ డీజిలు ఇంచుమించు సమానంగా చేరాలి. ఒక సీసా మిగతావాటికి రెండింతలు నిండితే ఆ ఇంజెక్టర్ పని అయిపోయింది. అమ్మేవాడు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయడం మంచిది.

క్లచ్ కోసం కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి లాంటి ఎత్తు మీద మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగబాకి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఇంజిన్ ఆపేటప్పుడు గేర్‌బాక్సు దగ్గర గడగడమంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీలును అనుమానించాలి.

వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టును చాలామంది మర్చిపోతారు. మహీంద్రా ఎంహాక్ లాంటి ఇంజిన్లకు బెల్టు బదులు చెయిన్ ఉంటుంది. డస్టర్ 1.5 డీజిల్, ఎకోస్పోర్ట్ 1.5 డీజిల్, పాత 2.5 ఇన్నోవా మాత్రం బెల్టు మీద నడుస్తాయి. ఆ ఇన్నోవాకు 1.5 లక్షల కిలోమీటర్ల దగ్గర మార్చాలి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి హెడ్డు పని పడుతుంది. మార్చామన్న నోటిమాట చాలదు, బిల్లు చూపించాలి. లేదంటే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు ఖర్చు ధరలో తగ్గించుకోండి. ఫోర్డ్ 2021లో మన దేశంలో అమ్మే కార్ల తయారీ ఆపేసింది, రెనో 2020 నుంచి డీజిల్ ఇంజిన్లు మానేసింది. ఈ బండ్లు తీసుకునేముందు హనుమకొండలో ఆ సామాను ఎవరి దగ్గర దొరుకుతుందో అడిగి మరీ అడుగేయండి.

“తక్కువ తిరిగింది చూసుకోండి”

మీటరు వెనక్కి తిప్పడం ల్యాప్‌టాప్‌తో అయ్యే పని, దాన్ని పట్టుకోవడానికీ దారులున్నాయి. చాసిస్ నంబరు చెబితే కంపెనీ సర్వీస్ సెంటర్లో ప్రతి సర్వీసు నాటి కిలోమీటర్లు తెలుస్తాయి. చాలా బండ్లలో స్కానర్ పెడితే ఏబీఎస్, గేర్‌బాక్సు కంప్యూటర్లలో విడిగా దాచుకున్న కిలోమీటర్లు బయటపడతాయి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. 2015 బండి 40 వేలే తిరిగిందంటూ, టైర్లు రెండోసారి మార్చినట్టు కనిపిస్తే మీటరును అనుమానించాలి. క్లచ్ పెడల్ రబ్బరు నున్నబడిందా, డ్రైవర్ సీటు అంచు కుంగిందా చూడండి.

పోనీ నిజంగానే ఏడాదికి నాలుగైదు వేలే తిరిగిందనుకోండి, అది డీజిల్‌కు మెచ్చుకోలు కాదు. రోజూ స్కూలు, కూరగాయల మార్కెట్ వరకే తిరిగిన ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఈజీఆర్‌లో మసి గట్టిపడుతుంది. కరీంనగర్, వరంగల్ మధ్య హైవే మీద 1.2 లక్షలు తిరిగి, ప్రతి 10 వేలకూ బిల్లున్న బండి దానికంటే ఎన్నో రెట్లు నయం.

భూపాలపల్లి, గోదావరిఖని, శ్రీరాంపూర్ గనుల వైపు అద్దెకు తిరిగిన బండ్లకు లెక్క వేరు. గంటల తరబడి ఐడిలింగ్‌లో ఉండటం కిలోమీటర్లలో కనపడదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపలి వైపు, అంటే ఫిల్టర్ దాటిన తర్వాతి గొట్టంలో, వేలు పెట్టి తుడిస్తే నల్లటి దుమ్ము అంటుకుంటే ఆ దుమ్ము టర్బో రెక్కలనూ బోరునూ అప్పటికే అరగదీసింది. ఒకప్పుడు పసుపు ప్లేటు ఉందేమో ఆర్‌సీ చరిత్రలో చూడండి.

మెసేజ్‌లో అసలు లేనిది వరద. 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీలు, మోరంచపల్లి మునిగాయి. 2024 సెప్టెంబరులో ఖమ్మం మున్నేరు పొంగింది. 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు మళ్లీ వరంగల్ మునిగింది. నీళ్లలో నానిన బండి కడిగితే కొత్తదానిలా మెరుస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగండి, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద బురద గీత మిగిలిపోతుంది. స్టెప్నీ గుంట, సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింది వైర్ల కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము కూడా చూడండి.

“మైలేజీలో డబ్బు తిరిగొస్తుంది”

లీటరు డీజిలు 96, పెట్రోలు 107 అని వేసుకుందాం. డీజిల్ ఎస్‌యూవీ 14, అదే సైజు పెట్రోల్ బండి 11 ఇస్తాయనుకుంటే కిలోమీటరుకు మిగిలేది 2 రూపాయల 90 పైసలకు దగ్గర. ఏడాదికి 6 వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు 17 వేలు మిగులుతుంది, ఒక్క ఇంజెక్టర్ పని దాన్ని మింగేస్తుంది. భూపాలపల్లి నుంచి హనుమకొండకు రోజూ వచ్చిపోతూ ఏడాదికి 20 వేల కిలోమీటర్లు దాటించేవాళ్లకు 57 వేలకు పైనే. వాళ్లకు డీజిల్ తప్పకుండా లాభమే. కాజీపేట, హనుమకొండ, వరంగల్ దాటని వాళ్లకు సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎస్‌యూవీ కొనమని మేం చెప్పలేం.

“డీపీఎఫ్ తీయించేస్తే తలనొప్పి ఉండదు”

ఈ సలహా అన్నింటికంటే హానికరం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో సన్నటి రంధ్రాల పింగాణీ ఫిల్టర్ ఉంటుంది, అదే డీపీఎఫ్. మసి అందులో ఆగుతుంది. ఒక మోతాదు నిండాక ఇంజిన్ కంప్యూటరు అదనంగా డీజిల్ కొట్టి, ఫిల్టర్‌ను 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. దీనికి పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా, గంటకు 60 కిలోమీటర్ల పైన నడవాలి. చౌరస్తా చౌరస్తాకూ ఆగుతూ పది నిమిషాల్లో ఇంటికి చేరి తాళం తీసేస్తే పని మధ్యలో ఆగిపోతుంది. అలా పదేపదే ఆగితే కాలని డీజిలు సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ పల్చబడి బేరింగులు, టర్బో అరుగుతాయి.

కొనేటప్పుడు ఇది తెలుసుకోవడం సులువే. ఆయిల్ గేజి తీసి చూడండి. మట్టం పై గీత దాటి ఉండి, వాసన చూస్తే డీజిల్ కొడితే ఆ బండి ఫిల్టర్ సరిగా శుభ్రపడటం లేదు. స్కానర్‌లో మసి శాతం, చివరిసారి శుభ్రపడి ఎన్ని కిలోమీటర్లయింది, ఎన్నిసార్లు మధ్యలో ఆగింది అన్నవి చూపించమనండి. ప్రతి 100 కిలోమీటర్ల లోపే శుభ్రపడాల్సి వస్తుంటే సెన్సరో ఇంజెక్టరో ఫిల్టరో, ఏదో ఒకటి చెడింది. బూడిద తక్కువ వదిలే ఆయిల్ వాడాల్సిన చోట మామూలు ఆయిల్ పోస్తే ఆ బూడిద కాలదు, ఫిల్టర్‌ను శాశ్వతంగా పూడ్చేస్తుంది. అందుకే సర్వీసు బిల్లుల్లో ఆయిల్ గ్రేడు చదవాలి. ఎక్స్‌యూవీ 700, స్కార్పియో-ఎన్ డీజిల్ లాంటివాటికైతే యూరియా ద్రావణం పోసే ట్యాంకు కూడా ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద దాని వార్నింగ్ వెలుగుతోందా చూడండి.

ఫిల్టర్ పీకి, కంప్యూటర్‌ను ఏమార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. అదే చట్టం 182ఏ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పైగా ఆ పొగ పీల్చేది మన కాలనీ పిల్లలే. ఇప్పటికే పీకేసిన బండిని గుర్తించాలంటే టెయిల్ పైపు లోపల వేలు పెట్టండి. ఫిల్టర్ బాగున్న బండిలో మసి దాదాపు అంటదు, వేలు కాటుకలా నల్లబడితే ఆ డబ్బా ఖాళీ అని అనుమానించాలి.

“పేరు మార్పిడి నిదానంగా చేసుకోవచ్చు”

కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. కాబట్టి అమ్మేవాళ్లకూ ఇది ముప్పే. ఓన్ డ్యామేజ్ ఇన్సూరెన్స్ (సొంత బండికి జరిగే నష్టానికి ఇచ్చేది) మీ పేరుకు మారాలంటే 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి, ఆ లోగా పెట్టకపోతే బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిము నిలబడదు. పాత యజమానికి క్లెయిము చేయనందుకు దక్కిన తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మీకు రాదు, ప్రీమియంలో ఆ తేడా మీరే కట్టుకోవాలి. పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 మీద సంతకాలయ్యి, చలాన్లన్నీ కట్టేసిన రసీదు చేతికొచ్చి, చాసిస్ మీద చెక్కిన నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోయాకే మిగతా డబ్బు ఇవ్వండి. అదీ బ్యాంకు ద్వారా, ఆర్‌సీలో పేరున్న మనిషి ఖాతాకే, మధ్యవర్తి ఖాతాకు కాదు.