నగదు మార్టుకు, అరువు అంగడికి

నెల మొదటివారంలో నెల్లూరు, ఒంగోలు నగరాల్లోని పెద్ద మార్టుల ముందు బండి పెట్టడానికి చోటుండదు. ఇరవయ్యో తేదీ దాటాక అదే జనంలో చాలామంది వీధి చివరి అంగడి ముందు నిలబడి ‘రాసుకో అన్నా’ అంటున్నారు. చౌకగా దొరికేచోట కొనుక్కోవడాన్ని ఎవరం తప్పుపట్టగలం? ధరలు ఇలా మండుతుంటే ఇల్లు నడిపేవాళ్లు పది రూపాయలు మిగిలినా మిగుల్చుకోవాల్సిందే. మా అభ్యంతరమల్లా జీతం డబ్బులు ఒకచోటికి, పద్దు మరొకచోటికి పోవడం మీదే.

మార్టు ధర తగ్గడంలో మాయేమీ లేదు. కంపెనీ నుంచి లారీల లెక్కన నేరుగా కొంటారు, మధ్యలో డిస్ట్రిబ్యూటరు కమీషన్ మిగులుతుంది, సరుకు త్వరగా చెల్లిపోతుంది కాబట్టి పెట్టుబడి గిర్రున తిరుగుతుంది. నెల్లూరు వేదాయపాళెంలో అంగడి పెట్టుకున్న మనిషి స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ బజారులో మూటల లెక్కన కొని, ఆటోకు బాడుగ ఇచ్చి తెచ్చుకోవాలి. కొన్ని సబ్బులు, నూనెలు తాము కొన్న ధర కంటే మార్టు అమ్మే ధరే తక్కువని చిన్న వ్యాపారులు వాపోతున్నారు. తనకు పడిన ఖర్చు కంటే తక్కువకు అమ్మి పోటీదారును దెబ్బతీయడాన్ని 2002 నాటి కాంపిటీషన్ చట్టం నిషేధించింది. అయితే మార్కెట్లో ఆధిపత్యం ఉన్న సంస్థకే అది వర్తిస్తుంది. ఆ ఆధిపత్యాన్ని రుజువు చేయడం కావలిలో కిరాణా కొట్టు నడిపేవాడి వల్ల అయ్యే పనేనా?

అసలు చిక్కు అరువులో ఉంది. పద్దు పుస్తకంలో ఏ పేజీ తిప్పినా కనిపించేవి ఇవే: పావుకిలో కందిపప్పు, వంద గ్రాముల చింతపండు, నాలుగు గుడ్లు, పాలప్యాకెట్టు, మళ్లీ పాలప్యాకెట్టు, పిల్లాడి నోటుపుస్తకం, చేబదులు వంద. పొదిలి, కొండపి, కనిగిరి ప్రాంతాల పొగాకు రైతుల ఇళ్లలో సరుకులు పంట డబ్బు చేతికందేవరకు ఇలాగే నడుస్తాయి. దీనికి వడ్డీ లేదు, హామీ సంతకం లేదు. వేలం కేంద్రంలో కొనేవాళ్లు లేక ‘నో బిడ్’ పడి పొగాకు బేలు (కట్ట) ఇంటికి తిరిగొస్తే కొట్టువాడి బాకీ కూడా వాయిదా పడినట్టే. ఇలా చిక్కుకుపోయిన డబ్బు వల్ల అతను హోల్‌సేల్‌లో రొక్కమిచ్చి కొనలేడు. రొక్కమివ్వనివాడికి అక్కడ తగ్గింపు రాదు. తగ్గింపు రానివాడు ధర తగ్గించలేడు. ధర తగ్గకపోయేసరికి చేతిలో డబ్బున్న ఖాతాదారు మార్టుకు పోతాడు. మిగిలేది అరువు ఖాతాలే. అంటే, మార్టులో మనకు మిగిలిన పది రూపాయల్లో కొంత ఈ అంగడివాడు భరిస్తున్నదే.

అలాగని చిన్న అంగళ్లన్నీ ధర్మసత్రాలని మేమనడం లేదు. తెలిసినవాళ్లకు ముందు కట్టి, కూలి చేసుకుని వచ్చిన మనిషిని గంటసేపు బయట నిలబెట్టిన కొట్లు ఈ జిల్లాల్లో లేవా? మార్టులో ఎవరి బుట్ట వాళ్లదే, ఎవరి వరస వాళ్లదే. ఆ గౌరవం చాలామందికి చల్లటి ఏసీ కంటే ఎక్కువే. బిల్లు అడిగితే మొహం చిట్లించడం, కాలం తీరిన బిస్కెట్లు అంటగట్టడం, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా వేయించాల్సిన తూనికల శాఖ ముద్ర మరిచిపోవడం మానకుండా మార్టులు ముంచేశాయంటే ఎవరు నమ్ముతారు? మరోపక్క, మార్టుకెళ్లినవాళ్లు పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చౌకే అనుకోకూడదు. దాని మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ముద్రించి ఉంటుంది, చదవాలి. షాంపూ సీసా కంటే రూపాయి ప్యాకెట్లే చౌక పడుతున్నాయని చాలామంది గృహిణులు ఎప్పుడో కనిపెట్టారు!

నెల సరుకులు మార్టులోనే తెచ్చుకోండి, మేం వద్దనం. కానీ జీతం పడిన రోజు ముందుగా పద్దు తీర్చి, ఆ తర్వాతే మార్టుకు బయల్దేరండి. వ్యాపార సంఘాలు ధర్నాలకు పెట్టే ఓపికలో సగం ఉమ్మడి కొనుగోలుకు పెడితే మేలు. ఒక పేటలోని ఇరవై అంగళ్లు కలిసి లారీ లోడు కొంటే డిస్ట్రిబ్యూటరు కూడా దిగివస్తాడు. బ్యాంకులదీ బాధ్యతే. 2015లో మొదలైన ముద్ర పథకం శిశు విభాగంలో హామీ లేకుండా 50 వేల రూపాయల వరకు అప్పివ్వాలి. లెక్కాపత్రం లేదని కిరాణా వ్యాపారిని తిప్పి పంపడం ఇక చెల్లదు. కొట్టు ముందు అతికించిన క్యూఆర్ కోడే అతని లెక్కల పుస్తకం, ఏ నెల దాని ద్వారా ఎంత వచ్చిందో ఖాతాలోనే కనిపిస్తుంది.

తూనికలు కొలతల శాఖ పండగల ముందు తనిఖీలకు బయల్దేరితే చిన్న అంగళ్ల కాటాలతోనే సరిపెట్టకూడదు. మార్టు అరల మీద చీటీలో రాసిన ధర, కౌంటరులో బిల్లుకెక్కిన ధర ఒకటేనా అన్నదీ చూడాలి. తేడా ఉన్నచోట, కాటా మోసానికి వేసినట్టే, అక్కడికక్కడే జరిమానా వేయాలి.