పొద్దున తొమ్మిదిన్నరకు అర్ధరాత్రి

మా బావమరిదికి గుంటూరు మిర్చి యార్డులో దిగుమతి కొట్టు ఉంది. దిగుమతి అంటే విదేశాల నుంచి తెప్పించడం కాదు. రైతు తెచ్చిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను దింపుకుని, ఎగుమతి వ్యాపారికి మచ్చు చూపించి, అమ్మిపెట్టి కమీషను తీసుకోవడం. సీజనులో పల్నాడు, ప్రకాశం రైతులు తేజ రకం ఎంత పలికింది, తాలు (రంగు మారిన నాసి కాయ) ఎంతకు పోయింది అని ఫోను మీద ఫోను చేస్తూనే ఉంటారు కాబట్టి, ఏ రోజు ధరలు ఆ రోజు పెట్టే చిన్న వెబ్‌సైటు ఒకటి చేయించుకున్నాడు. ఫిబ్రవరిలో సరుకు పోటెత్తేసరికి, వందలాది సైట్లను ఒకే సర్వరులో కుక్కే చవక హోస్టింగులో ఉన్న ఆ సైటు మూలగడం మొదలుపెట్టింది. వీపీఎస్, అంటే పెద్ద సర్వరులో మనకంటూ విడిగా ఒక వాటా, తీసుకోవాలని ఎవరో చెప్పారట. "మీరైతే అన్నీ చూసి తీసుకుంటారు బావగారూ" అని ఆ భారం నా మీద పెట్టాడు.

నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. అన్నీ చూడనిదే ఏదీ కొననని బంధువుల్లో నాకు పేరు. మిక్సీ కొనడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి మా బ్రాడీపేట ఇంట్లో మూడు వారాల పాటు రాత్రిళ్ళు కూర్చుని, 11 కంపెనీలను, 14 గడుల పట్టికలో దించాను. మెమరీ, డిస్కు, నెలకు ఎంత డేటా, బ్యాకప్‌కు విడిగా ఎంత, మొదటి ధర ఎంత, గడువు తీరాక అసలు ధర ఎంత, దాని మీద 18 శాతం జీఎస్టీ ఎంత. ఇలా ఏ గడీ ఖాళీ వదలలేదు.

మధ్యలో ఒక ఆదివారం బావమరిది వస్తే విషయం వివరించాను. ఒక పెద్ద యంత్రాన్ని హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేరు అపార్టుమెంటులో ఫ్లాట్లలాగా విడదీస్తుందనీ, కేవీఎం పద్ధతిలో ఎవరి కెర్నల్ (యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేరు) వారిదే కనుక ఎవరి వంటిల్లు వారికి ఉన్నట్లేననీ, ఓపెన్‌వీజడ్ పద్ధతిలో కెర్నల్ ఒక్కటే కనుక అది ఉమ్మడి వంటిల్లనీ చెప్పాను. అంతా విని, "మచ్చులో తేజ చూపించి బస్తాలో తాలు కలపరని నమ్మకమేమిటి బావగారూ?" అని అడిగాడు. నేను పది రోజులు చదివి తెలుసుకున్నది అతను పది నిమిషాల్లో పట్టుకున్నాడని ఒప్పుకోక తప్పదు. అందరూ ఒకేసారి పూర్తిగా వాడుకోరన్న ధైర్యంతో, ఉన్నదానికంటే ఎక్కువ అమ్మే కంపెనీలు ఈ వ్యాపారంలో ఉన్నాయి. మంగళగిరి షేర్ ఆటో కూడా ఆ సూత్రం మీదే నడుస్తుంది గానీ, అందులో అందరూ ఒకేసారే కూర్చుంటారు.

చివరికి పోటీలో రెండు మిగిలాయి. ముంబయిలో యంత్రాలున్న కంపెనీకి నెలకు 5 డాలర్లు. న్యూయార్కులో ఉన్నదానికి, మూడేళ్ళ సొమ్ము ముందే కడితే, నెలకు 3 డాలర్లు. ఇక్కడే నా శాస్త్రజ్ఞానం అక్కరకు వచ్చింది. గుంటూరు నుంచి న్యూయార్కు సుమారు 13 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కేబుళ్ళ వంకరలు పక్కన పెడితే పోయి రావడానికి సెకనులో ఎనిమిదో వంతు. ధర తెలియడం ఆ కాస్త ఆలస్యమైతే ఏ రైతూ నష్టపోడు, దాని కోసం నెలకు 2 డాలర్లు ఎందుకు తగలెయ్యాలని తేల్చాను. లెక్కలో తప్పు లేదని ఇప్పటికీ చెప్పగలను.

మా ఆవిడ మాత్రం పప్పు తాలింపు పెడుతూ, "అమెరికాలో అయితే మనకు పగలైనప్పుడు వాళ్ళకు రాత్రి కదండీ" అంది. వాళ్ళ అక్క న్యూజెర్సీలో ఉంటుంది; ఇక్కడ పొద్దున తొమ్మిది దాటితే ఆవిడ పడుకుంటుందని ఈవిడ రోజూ తొమ్మిదిలోపే ఫోను చేస్తుంది. సర్వరుకు నిద్ర ఉండదని నేను నవ్వి, 108 డాలర్లూ, ఆపైన పన్నూ కట్టేశాను.

తరువాతి నెల రోజుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ధర తక్కువ కావడానికి కారణం అది అన్‌మేనేజ్డ్ రకం కావడమని, అంటే గది ఇచ్చి తాళంచెవి చేతిలో పెట్టి వెళ్ళిపోతారని అనుభవం మీద తెలిసింది. మొదటి రాత్రే ముక్కూ మొహం తెలియని యంత్రాలు వచ్చి, సర్వాధికారాలుండే రూట్ అనే పేరుతో పాస్‌వర్డులు ఊహిస్తూ తలుపు తట్టడం సర్వరు రాసుకునే చిట్టాలో చూసి నాకు నిద్ర పట్టలేదు. ఒక జీబీ మెమరీ చాలక లినక్స్ కెర్నల్ రెండుసార్లు డేటాబేసును చంపేసింది. డిస్కులో కొంత మెమరీలా వాడుకునే స్వాప్ పెట్టి, పాస్‌వర్డు తీసేసి దాని బదులు కీ ఫైలు పెట్టి, ఎలాగో నిలబెట్టాను.

మార్చి చివర్లో కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. బుధవారం నాడు, కస్టమర్లకు అసౌకర్యం కలగకుండా, అర్ధరాత్రి 12 నుంచి 2 గంటల వరకు మరమ్మతులు చేస్తారట. ఆ మర్యాదకు ముచ్చటపడి బావమరిదికి చదివి వినిపించాను కూడా. సమయం పక్కన ఈడీటీ అని మూడక్షరాలు ఉన్నాయి. మరమ్మతుల శాఖ పేరు కాబోలు అనుకున్నాను.

బుధవారం పొద్దున రెండో పీరియడ్ ముగించుకుని స్టాఫ్ రూముకు వచ్చేసరికి ఫోనులో 41 మిస్డ్ కాల్స్ ఉన్నాయి, అందులో 37 మా బావమరిదివే. తొమ్మిదిన్నరకు, సరిగ్గా యార్డులో బేరాలు ఊపందుకునే వేళకు, సైటు ఆగిపోయింది. ధర చూసుకుని లారీకి సరుకు ఎత్తిద్దామనుకున్న రైతులంతా కొట్టుకు ఫోన్లు చేస్తున్నారట. "రీస్టార్ట్ చేస్తున్నాను, రెండు నిమిషాలు" అని ధైర్యం చెప్పాను. కంట్రోల్ ప్యానెల్ కూడా తెరుచుకోలేదు. అప్పుడు మళ్ళీ మెయిలు తీసి చదివితే, ఆ మూడక్షరాలు అమెరికా తూర్పు తీరపు వేసవి కాలమానమని, వాళ్ళ అర్ధరాత్రి పన్నెండు మన పొద్దున తొమ్మిదిన్నరని అర్థమైంది. భూభ్రమణం గురించి ఏటా పిల్లలకు చెప్పేవాణ్ని, పట్టికలో పదిహేనో గడి గీయడం మరిచాను.

పదకొండున్నరకు సైటు లేచింది. అప్పటికి మంచి బేరాలు అయిపోయాయి. నెలకు 99.9 శాతం పనిచేస్తుందని హామీ ఉంది కదా, అంటే 43 నిమిషాలకు మించి ఆగకూడదు కదా అని కంపెనీకి నిలదీస్తూ రాశాను. ముందే చెప్పి చేసిన మరమ్మతులు ఆ లెక్కలోకి రావని జవాబు వచ్చింది. నచ్చకపోతే 30 రోజుల్లో సొమ్ము వాపసు అన్న మాట గుర్తొచ్చి చూస్తే, అది మేము కొన్న 34వ రోజు.

బావమరిది నన్నేమీ అనలేదు. ముంబయి సర్వరుకు తనే 5 డాలర్లు కట్టి, "ఆ పాతదాన్ని తాలు రేటుకైనా ఎవరైనా కొంటారేమో చూడండి బావగారూ" అని మాత్రం అన్నాడు. కొనేవారెవరూ దొరకలేదు. రెండేళ్ళ పదకొండు నెలల గడువుతో అది న్యూయార్కులో ఖాళీగా తిరుగుతూనే ఉంది. నిన్న మళ్ళీ మెయిలు వచ్చింది: వచ్చే బుధవారం, అసౌకర్యం కలగకుండా, అర్ధరాత్రి. నేను వేళ్ళ మీద తొమ్మిదిన్నర గంటలు కూడుతూ ఉంటే, మా ఆవిడ గోడ గడియారం వైపు ఒక్కసారి చూసి, "ఈపాటికి అక్క పడుకుని ఉంటుంది" అని ఫోను పక్కన పెట్టేసింది.