ఢిల్లీ గాలి పీల్చి బయటికొచ్చాక

ఐదు గుండ్రటి డోములు, ఒక్కోదాంట్లో ఒక్కో చోటి గాలి, ఒకదాన్నుంచి మరొకదాంట్లోకి నడిచే దారి. మొదటిది నార్వేలోని తావ్‌త్రా దీవి. చల్లటి, పొడి గాలి. అక్కణ్నుంచి లండన్, ఢిల్లీ, బీజింగ్, సావో పావ్‌లో. చలిలోంచి బయల్దేరినవాళ్లు పోనుపోను ఉక్కలోకి, పొగలోకి దిగుతారు. బ్రిటిష్ కళాకారుడు మైకేల్ పిన్‌స్కీ 2017లో నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో కట్టిన ‘పొల్యూషన్ పాడ్స్’ ఇది. మరుసటేడు లండన్‌లోని సోమర్‌సెట్ హౌస్‌కు వచ్చింది, ఆ తర్వాత వాతావరణ సదస్సుల దాకా తిరిగింది. ఏ ఊరి గాలినీ సీసాల్లో పట్టి తేలేదు. హాని చేయని వాసనలూ పొగమంచూ కలిపి ఒక్కో ఊరి గాలిని తయారుచేశారు.

ఢిల్లీ డోములో ఊపిరాడకపోతే రెండడుగులు వేస్తే చాలు, పక్క డోముకు వెళ్లిపోవచ్చు. ఢిల్లీలో ఉండేవాళ్లకు ఆ పక్క డోము లేదు. ఆ కళాఖండం గురించి చదివిన ప్రతిసారీ నాకు తట్టే మొదటి సంగతి ఇదే.

రెండో సంగతి ఇంకా ఇబ్బందికరమైనది. ఆ డోముల వెనుక నార్వే మనస్తత్వ శాస్త్రవేత్తలున్నారు. కళ మనిషిని కదిలిస్తుందా లేదా అని కొలవడానికే ఆ పని మొదలైంది. వచ్చినవాళ్లలో రెండున్నర వేల మందికి పైగా అడిగి, ఫలితాలు 2019లో ప్రచురించారు. ఏదో ఒకటి చేయాలన్న సంకల్పం ముందే బలంగా ఉంది, చూసొచ్చాక ఇంకాస్త పెరిగింది. అయితే తమ కర్బన ఉద్గారాలను తామే లెక్కపెట్టుకునే వీలు చేతికిస్తే దాన్ని వాడుకోలేదు. గుండె కదిలింది, చెయ్యి కదల్లేదు.

కళ పని చెయ్యి కదిలించడమా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పద్యం చదివాక ఏం చేశావని ఎవరూ రసీదు అడగరు. కానీ వాతావరణం పేరుతో వచ్చే ఇంటరాక్టివ్ ఆర్ట్ తన గురించి తాను చెప్పుకునేది వేరు. చూడటం చాలదు, ముట్టుకోవాలి, లోపలికి రావాలి, అప్పుడే మారతారు అన్నది దాని వాదన. కళాకారుడు ఒలాఫర్ ఎలియాసన్, భూవిజ్ఞాని మినిక్ రోసింగ్ కలిసి గ్రీన్‌లాండ్ మంచుగడ్డలను 2015 డిసెంబర్‌లో పారిస్ నడిబొడ్డున గడియారంలా పేర్చినప్పుడూ ఇదే మాట. 12 గడ్డలు. జనం వాటిని కావలించుకున్నారు, చెవి ఆనించి లోపలి గాలిబుడగలు చిటపటమని పగలడం విన్నారు. నాకూ వినాలని ఉంటుంది, ఎందుకు ఉండదు! అయితే గడ్డ కరిగాక ఇంటికెళ్లి ఏం చేయాలో ఆ గడ్డ చెప్పదు.

దిగులైతే నిజమైనదే. భారత్ సహా 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల మధ్యవాళ్లను 10,000 మందిని అడిగి 2021లో ఒక సర్వే వెలువరించారు. 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి చాలా, లేదా విపరీతంగా ఆందోళన పడుతున్నామన్నారు. 45 శాతం మంది అది తమ రోజువారీ బతుకును దెబ్బతీస్తోందన్నారు. ఆ ఆందోళనకూ, ప్రభుత్వాలు చేయాల్సింది చేయకుండా మమ్మల్ని మోసం చేస్తున్నాయన్న భావనకూ సంబంధం ఉందని కూడా తేలింది. అంటే ఈ పిల్లలకు భయం తక్కువై కాదు బాధ. తమ చేతిలో ఏమీ లేదనిపించడం వల్ల. అలాంటివాళ్లను తీసుకెళ్లి ఇంకో చీకటి గదిలో ఇంకో భయం చూపించి పంపిస్తే ఏం మిగులుతుంది?

మా చిన్నప్పుడు పాలమూరు పల్లెలో మృగశిర దాటినా చినుకు పడకపోతే కప్పతల్లి వచ్చేది. రోకలికి తడిబట్టలో కప్పను కట్టి, చుట్టూ వేపమండలు చెక్కి, ఇద్దరు పిల్లలు చెరోవైపు భుజానెత్తుకునేవాళ్లు. మిగతా గుంపు పాడుకుంటూ వెనకాల. ఒక్కో ఇంటి ముందు ఆగితే ఆ ఇంటామె చెంబెడు నీళ్లు రోకలి మీద పోయాలి. మా నాయనమ్మ ‘‘ఆగుర్రి, ఇంకో చెంబు పోస్త’’ అనేది. బావిలో తోడితే బురదొచ్చే రోజుల్లో రెండో చెంబు! తడిసిన పిల్లల కేరింతలు, వాకిట్లో తడిమట్టి వాసన. ఆ కప్పను ఎవరూ అనుమతి అడగలేదన్నది వేరే విషయం. అది చూడటానికి వచ్చినవాళ్లంటూ ఎవరూ లేరు. పోసేది, మోసేది, తడిసేది అంతా ఎండిన బావులవాళ్లే. వాన కోసం విరాటపర్వం చదివించే ఊళ్లలోనూ అంతే. ఒక్కడి గుబులు ఊరందరి గుబులైపోయేది.

అలాగని గ్యాలరీలు మూసేసి కప్పతల్లిని తెచ్చుకుందామని కాదు. ఆ ఆటంతా ఒక నమ్మకం మీద నిలబడింది: వాన ఆలస్యమైంది, రేపో మాపో వస్తుంది. ఈ ఏడు తప్పితే వచ్చే ఏడు. కరువుకు ఒక ముగింపు ఉండేది. ఇప్పటి దిగులుకు ఆ తేదీ లేదు. వచ్చినా ఒక్క రాత్రిలో కుమ్మేసి చెరువు కట్టలు తెంచుకుపోయే వానను ఏ పాట పాడి పిలవాలి, ఏ పాట పాడి ఆపాలి?

మన దగ్గర పనికొచ్చే సాధనం ఇంకొకటుంది. బుర్రకథలో కథకుడు ఒక్కడే ఉండడు. ఒక పక్కన హాస్యం, ఇంకో పక్కన రాజకీయం. రాజకీయం చెప్పే వంతకాడు మధ్యలో అడ్డుపడి కథను ఇవాళ్టి సంగతుల్లోకి లాగుతాడు. పొగ డోములో లోటు ఆ వంతకాడే. ఈ పొగ ఎవరి పొయ్యిదయ్యా, ఎవరి లారీది, ఎవరి బొగ్గుది అని అడిగే గొంతు అక్కడ లేదు. లండన్ డోముకూ ఢిల్లీ డోముకూ మధ్య ఉన్న చరిత్రను వాసన చెప్పలేదు. అందుకే వచ్చినవాళ్లు అయ్యో అనుకుని వెళ్లిపోతారు.

నేను చూడదగ్గది అనుకునే వాతావరణ కళాఖండం ఒకటి మన పల్లెల గోడల మీదే ఉండేది. కళ అని ఎవరూ దానికి పేరు పెట్టలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 నుంచి కొన్నేళ్లు ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే నోరు తిరగని పేరుతో, భూగర్భ జలాలను రైతులే చూసుకునే ఒక ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం లాంటి ఏడు కరువు జిల్లాల్లో 600కు పైగా ఊళ్లు. రైతులే రోజూ వాన కొలిచేవాళ్లు, పదిహేను రోజులకోసారి బోరుబావుల నీటిమట్టం చూసేవాళ్లు, ఆ అంకెలను ఊళ్లో అందరికీ కనబడేలా బోర్డు మీద రాసేవాళ్లు. రబీకి ముందు కూర్చుని భూమిలో ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావలసినవెన్ని అని లెక్క తేల్చేవాళ్లు. వరి తగ్గించమని ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క చూసి చాలామంది తామే తగ్గించుకున్నారు. అందరూ కాదు.

ఆ బోర్డులో పొగమంచు లేదు, వెలుగునీడల్లేవు. రంగు వెలిసిన గళ్లు, సుద్దముక్కతో రాసిన అంకెలు. తన బోరు పక్కన రాసిన అంకె మీద ఒక రైతుకు అనుమానమొస్తే పోట్లాటకు దిగవచ్చు, టేపు తెచ్చి మళ్లీ బోరులోకి దించవచ్చు.