శ్రీ లైఫ్‌టైమ్ యాక్టివేషన్ గారికి గోదావరి డెల్టా నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లైఫ్‌టైమ్ యాక్టివేషన్ గారికి,

నమస్కారమండి. భీమవరంలో ఆక్వా లెక్కలకైనా, అమలాపురంలో పిల్లాడి చదువుకైనా, ఓ సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటే చీటీ మీద తమరి పేరు కనబడుతోంది. "ఐ5, 8 జీబీ, 256 ఎస్‌ఎస్‌డీ, ఛార్జర్, లైఫ్‌టైమ్ యాక్టివేషన్". అంటే విండోస్‌కి జీవితాంతం అనుమతి ఉందని షాపువాడి మాట. ఛార్జర్‌కి నెల గ్యారంటీ, తమరికి జీవితకాలం. ఎవరి జీవితమో మాత్రం రాయరండి.

ఆ లెక్క మేం చెబుతాం. 180 రోజులు. మార్టేరు స్వర్ణ వరి, అదే ఎంటీయూ 7029, కోతకి రావడానికి సుమారు 150 రోజులు తీసుకుంటుంది. అంటే తమరి ఆయుష్షు ఒక సార్వా పంట, ఆపైన ధాన్యం డబ్బుల కోసం ఎదురుచూసే ఓ నెల.

తమరి పుట్టుక గొప్పదేనండి, కాదనం. తమరి అసలు రూపం కేఎంఎస్, పెద్ద ఆఫీసుల కోసం మైక్రోసాఫ్ట్ పెట్టిన ఏర్పాటు. ఆఫీసులో ఒక సర్వర్ ఉంటుంది, కనీసం 25 కంప్యూటర్లు దాన్ని అడిగితేగానీ విండోస్‌కి అనుమతి ఇవ్వదు. ఇచ్చిన అనుమతి 180 రోజులు చెల్లుతుంది. ఈలోగా ప్రతి కంప్యూటరూ ఏడు రోజులకోసారి సర్వర్ తలుపు తట్టి గడువు పొడిగించుకుంటుంది. మరి రైస్‌మిల్లు కాటా పక్కన ఒంటరిగా కూర్చున్న కంప్యూటర్‌కి తోడు 24 మందిని ఎక్కణ్ణించి తెచ్చారండి? తేలేదు. ఓ దొంగ ప్రోగ్రామ్‌ని అందులోనే దాచి, సర్వర్ వేషం వేయించారు. అడిగేదీ తమరే, ఇచ్చేదీ తమరే.

చిక్కల్లా విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌తో. అది ఏదో ఒక రోజు ఆ వేషగాణ్ణి "ఆటోకేఎంఎస్" అని పట్టుకుని తీసేస్తుంది. అయినా తమరు వెంటనే చావరు, అదీ తమరి తెలివి. ఆఖరిసారి పొడిగించిన రోజు నుంచి 180 రోజులూ నవ్వుతూనే ఉంటారు. ఆ తర్వాతే స్క్రీన్ కుడివైపు కింద "యాక్టివేట్ విండోస్" అని నీటిరాత తేలుతుంది, సెట్టింగ్స్‌లో 0ఎక్స్‌సీ004ఎఫ్074 ఎర్రర్ వస్తుంది. సర్వర్ దొరకలేదని దానర్థం. అప్పటికి షాపువాడి గ్యారంటీ గోదాట్లో కలిసిపోయి ఉంటుంది. పట్టుకెళితే ఆయన సలహా ఒక్కటే: "యాంటీవైరస్ ఆపేసుకోండి బాబూ." రొయ్యల డబ్బు పడే బ్యాంకు ఖాతా కూడా ఆ కంప్యూటర్లోనే తెరుస్తారండి.

తమరి జాతకం చూడ్డానికి డబ్బు ఇవ్వకముందు రెండు నిమిషాలు చాలు. విండోస్ మీటనీ ఆర్ మీటనీ కలిపి నొక్కి, ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్‌ఐ అనాలి. వచ్చే చిన్న పెట్టెలో "ఛానల్" అన్న మాట ముందు ఏముందో చూడాలి. ఓఈఎం_డీఎం అంటే ల్యాప్‌టాప్ కంపెనీ వాడు బోర్డులోనే పెట్టి పంపిన కీ, అంటే లైసెన్సు నంబరు. రిటైల్ అంటే కొనుక్కున్నదో, డిజిటల్ లైసెన్సో. వాల్యూమ్_కేఎంఎస్‌క్లయింట్ అని ఉంటే తమరే, దయచేశారన్నమాట. డీఎల్‌ఐ బదులు ఎక్స్‌పీఆర్ అని కొడితే తమరి తద్దినం తేదీ కూడా చెబుతుంది.

అసలు విచిత్రం ఏమిటంటే, చాలాసార్లు తమరి అవసరమే లేదండి. 2012లో విండోస్ 8 వచ్చినప్పట్నుంచీ కంపెనీలు కీని మదర్‌బోర్డు బయాస్‌లోనే పెడుతున్నాయి. విండోస్‌లోనే ఉండే ఆదేశాల కిటికీ పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టాన్స్‌తో సాఫ్ట్‌వేర్‌లైసెన్సింగ్‌సర్వీస్‌ని (Get-CimInstance SoftwareLicensingService) అడిగితే, జవాబులో ఓఏ3ఎక్స్ అని మొదలయ్యే వరసల్లో ఆ కీ, దాని వివరం కనిపిస్తాయి. వివరంలో "ప్రొఫెషనల్" అంటే విండోస్ ప్రో ఎడిషన్. "కోర్‌సింగిల్‌లాంగ్వేజ్" అంటే హోమ్ సింగిల్ లాంగ్వేజ్, మన దేశంలో అమ్మిన ఇంటి ల్యాప్‌టాప్‌లలో తరచూ అదే. దాని మీద షాపువాడు దర్జాకి ప్రో ఎక్కిస్తాడు. హోమ్ కీ ప్రోని తెరవదు, అందుకని తమరిని పిలుస్తాడు. ఇంట్లో అన్నం ఉండగా అప్పు తెచ్చి హోటల్లో తినిపించడమండి ఇది.

విరుగుడు: 8 జీబీ పెన్‌డ్రైవ్, దాన్ని విండోస్ ఇన్‌స్టాలర్‌గా మార్చే మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్. ఫైళ్లు వేరేచోట దాచుకుని, ఇన్‌స్టాల్‌లో పాత పార్టిషన్లన్నీ తీసేసి కొత్తగా వేస్తే సెటప్ తానే బయాస్ కీ చదువుకుని సరైన ఎడిషన్ వేస్తుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. తమరిని ఊరికే అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు. షెడ్యూల్డ్ టాస్కుల్లో, డిఫెండర్ మినహాయింపుల్లో తమరి వేళ్లు మిగిలిపోతాయి.

అడుగున విండోస్ 7 స్టిక్కర్ చూపించి "కీ ఉంది కదా" అనేవాళ్లకి ఒక మాట: 7 కీతో విండోస్ 10, 11 తెరిచే దారిని 2023 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ మూసేసింది. అదే బోర్డు మీద అంతకుముందే 10కి మారి ఉంటే మాత్రం ఫర్వాలేదు. కీ అడిగినచోట "నా దగ్గర కీ లేదు" అని, అదే ఎడిషన్ ఎంచుకుంటే చాలు. బోర్డు మారిందా, ఓఈఎం లైసెన్సు పాత బోర్డుతోనే పోయింది.

ఇవేవీ కాకుండా 0ఎక్స్80072ఎఫ్8ఎఫ్ ఎర్రర్ వస్తే ముందు గడియారం చూడాలి. బోర్డు మీది సీఆర్2032 బిళ్ల అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, సర్వర్‌తో మాట కుదరదు. ఆ బిళ్ల మార్చకుండా కొత్త కీ అంటగట్టే మహానుభావులూ ఉన్నారు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసి వైఫై కలపగానే ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే అది లైసెన్సు సమస్యే కాదు. ఆ కంపెనీ తన జాబితాలోంచి తీస్తేగానీ వదలదు, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అంతే. అమ్మినవాడికి తిరిగిచ్చేయడమే.

తమరికంటే ఆ నీటిరాతే నయమండి. లైసెన్సు లేదని మొహం మీదే చెబుతుంది, వాల్‌పేపర్ మార్చనివ్వదు, అంతకుమించి పనికి అడ్డం రాదు. అలాగని అది హక్కు కాదు, తెలుసు. కొనలేనివాళ్లకి విండోస్ బదులు ఉబుంటు, ఆఫీస్ బదులు లిబ్రేఆఫీస్ ఉచితంగా ఉన్నాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉబుంటులోనూ ఉంది.

కాబట్టి ఇకమీదట చీటీ మీద తమరి పేరు కొట్టేసి, ఆ చోట డీఎల్‌ఐలో వచ్చిన ఛానల్ పేరు రాయించవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
చీటీ పూర్తిగా చదివే డెల్టా వాసులు

తా.క.: తమరి తమ్ముడు ఆఫీస్ 2016 ప్రొఫెషనల్ ప్లస్ గారు కూడా అదే చీటీలో దిగారు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఆఫీస్16 ఫోల్డర్‌లో ఓఎస్‌పీపీ.వీబీఎస్‌ని సీస్క్రిప్ట్‌తో నడిపి, స్లాష్ డీస్టేటస్ అంటే ఆయన మిగిలిన రోజులూ బయటపడతాయి. కుశలం అడిగామని చెప్పండి.