మహారాజశ్రీ ఎక్సెక్ గారికి

మహారాజశ్రీ పీహెచ్‌పీ వారి ఎక్సెక్ ఫంక్షన్ గారి (వెబ్‌సైట్లు రాసే ఆ భాషలో, సర్వర్ మీది వేరే ప్రోగ్రాములను పిలిచి పనిచేయించేవారు) సముఖమునకు, సర్వర్ వెనకాల పనిచేసుకునే ఒక అభాగ్యుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ క్షేమ సమాచారాలు తెలియజేయగలరు అని రాయబోయి ఆగిపోయాను. తెలియజేయడమనేది మీ ఇంటావంటా లేదు కదా.

ఇక ఈ "మీరు" నా వల్ల కాదు. ఇన్నేళ్ల పరిచయం, నువ్వనే అంటాను.

మొదటిసారి నిన్ను పనికి పిలిచిన రోజు బాగా గుర్తుంది. ఎవరైనా పీడీఎఫ్ అప్‌లోడ్ చేస్తే దాని మొదటి పేజీని చిన్న బొమ్మగా చూపించాలి, అంతే. ఆ పని చేసిపెట్టే ప్రోగ్రామ్‌ని నా హోమ్ డైరెక్టరీలో బిన్ ఫోల్డర్‌లో దించుకున్నాను. టెర్మినల్లో కొడితే చిటికెలో బొమ్మ వచ్చింది. అదే లైన్ కాపీ చేసి నీ బ్రాకెట్ల మధ్య పెట్టి పేజీ రిఫ్రెష్ చేశాను. బొమ్మ లేదు, ఎర్రర్ లేదు, ఒక్క హెచ్చరిక లేదు. నా చేతిలో ఒక ఖాళీ స్ట్రింగ్ పెట్టి నువ్వు నీ దారిన పోయావు.

ప్రోగ్రామ్ వంద లైన్లు చెప్పినా నువ్వు మోసుకొచ్చేది చివరి లైన్ ఒక్కటేనని అప్పటికి నాకు తెలియదు. మిగతావి కావాలంటే రెండో ఆర్గ్యుమెంట్‌గా ఒక అర్రే, అంటే జాబితా, ఇవ్వాలి. పని అయిందో చెడిందో తెలియాలంటే మూడోది ఇవ్వాలి. ఈ రెండూ ఇచ్చినా ప్రోగ్రామ్ గోడు మాత్రం వినిపించదు, ఎందుకంటే అది స్టాండర్డ్ ఎర్రర్ అనే వేరే దారిలో పోతుంది, అది నీ శాఖ కాదు. లైన్ చివర 2>&1 అని రాస్తే అప్పుడు దయచేస్తావు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిన్ను మూడుసార్లు మూడు రకాలుగా అడగాలి.

అడిగాను. 127 అన్నావు. అంటే "అలాంటి కమాండే లేదు" అని. కళ్లెదుట ఉన్నదాన్ని లేదంటావేమిటని కాసేపు నీతో గోడకి చెప్పుకున్నట్టు వాదించాక తెలిసింది, నువ్వు నా పేరు మీద పనిచేయవని. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే వెబ్ సర్వర్ యూజర్ ఒంట్లోకి దూరి పనిచేస్తావు. ఆ యూజర్‌కి నా పాత్ (ప్రోగ్రాముల్ని ఎక్కడ వెతకాలో చెప్పే జాబితా) తెలియదు, నా ఫోల్డర్లు తెలియవు. సరే, ప్రోగ్రామ్ ఉన్న చోటు పూర్తిగా రాశాను. ఈసారి 126. "ఉంది గానీ నన్ను ముట్టుకోనివ్వడం లేదు" అని. పోనీలే, మాట్లాడటం మొదలుపెట్టావు, అంకెల్లోనైనా.

పక్క సీటాయన వెనక నుంచి తొంగిచూసి "777 కొట్టేయండి, పోతుంది" అన్నాడు. ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అనే అనుమతి అది. కొట్టేశాను. పోయింది, సమస్యా పోయింది, కాపలా కూడా పోయింది. సర్వర్ మీద పెత్తనం ఎవరిదో రాసుకునే సుడోయర్స్ ఫైల్లో ఆ యూజర్‌కి పాస్‌వర్డ్ అక్కర్లేకుండా సర్వాధికారాలు రాసిచ్చే ఘనులూ ఉన్నారని విన్నాక, నా పాపం కాస్త చిన్నదే అనిపించింది.

అసలు ఫిర్యాదుకి వస్తాను. నువ్వు చెప్పిన పని చేస్తావు. చెప్పిందెవరో మాత్రం అడగవు. నేను రాసిన లైన్‌ని ఉన్నదున్నట్టు, కమాండ్లు నడిపే షెల్ చేతిలో పెడతావు. ఆ లైన్లో సగం నాది, సగం ఎక్కడో కూర్చుని ఫారం నింపిన మనిషిది. వాడు ఫైలు పేరులో ఒక సెమీకోలన్ పెట్టి పక్కన ఇంకో కమాండ్ రాస్తే, షెల్‌కి అది పేరులా కనబడదు, రెండో పనిలా కనబడుతుంది. నీకు రెండూ ఒకటే. దొంగకి తలుపు తీయడమే కాకుండా లోపలికి రమ్మని కుర్చీ కూడా వేస్తావు.

ఇది నీ ఒక్కడి గుణం అనను, మీ వంశానిదే. 1996లో పీహెచ్ఎఫ్ అని ఒక సీజీఐ ప్రోగ్రామ్ (వెబ్ సర్వర్ పిలిస్తే నడిచే రకం) ఉండేది. టెలిఫోన్ డైరెక్టరీ లాంటిది, ఎన్‌సీఎస్ఏ, అపాచీ సర్వర్లతో పాటే ఉచితంగా వచ్చేది. ప్రమాదకరమైన గుర్తులన్నిటినీ వడకట్టే ఫంక్షన్ దానికి ఉంది, కొత్త లైన్ గుర్తు ఒక్కటి తప్ప. ఆ ఒక్క సందులోంచి లోకమంతా వచ్చి పాస్‌వర్డ్ ఫైళ్లు చదువుకుపోయింది. 2014లో బ్యాష్ అనే షెల్లో షెల్‌షాక్ అనే లోపం బయటపడినప్పుడు ఫారం నింపే శ్రమ కూడా తప్పింది. బ్రౌజర్ తన పేరు చెప్పుకునే హెడర్లో నాలుగు గుర్తులు రాస్తే, సీజీఐ దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా మోసుకెళ్లేది, బ్యాష్ దాన్ని ఆజ్ఞగా శిరసావహించేది. ఆ లోపం 1989 నుంచి అక్కడే కూర్చుని ఉందట. పాతికేళ్లు ఎవరూ పలకరించలేదు. 2016లో బొమ్మలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్ వంతు: బొమ్మ అని అప్‌లోడ్ చేసిన ఫైలే కమాండ్ అయింది. బొమ్మల కోసమే నిన్ను పిలిచిన నాకు ఆ వారమంతా నిద్ర లేదు.

అదే ఏడాది డిసెంబరులో, మెయిల్ పంపే పీహెచ్‌పీమెయిలర్ లైబ్రరీ కథ ఇంకా ముచ్చటైనది. సెండ్‌మెయిల్ ప్రోగ్రామ్‌కి వెళ్లే చిరునామాలో కంత ఉందని తెలిసి, వాళ్లు ఎస్కేప్‌షెల్‌ఆర్గ్‌తో (ఇచ్చినదానికి కోట్స్ కట్టే ఫంక్షన్) తాళం వేశారు. లోపల మెయిల్ ఫంక్షన్ అప్పటికే ఎస్కేప్‌షెల్‌సీఎమ్‌డీతో తన తాళం వేసుకుని ఉంది. రెండు తాళాలూ ఒకదాన్నొకటి తెరుచుకున్నాయి. నాలుగు రోజులు తిరక్కుండా ఇంకో ప్యాచ్.

నేను మాత్రం బుద్ధిగా ఎస్కేప్‌షెల్‌ఆర్గ్ ఒక్కటే వాడాను. నా పాత సర్వర్లో ఒకరోజు ఒకరు "వార్షిక నివేదిక" అని చక్కగా తెలుగులో పేరు పెట్టి ఫైలు పంపారు. నీ దగ్గరికి చేరేసరికి ఆ పేరులో మిగిలింది మధ్యలో ఖాళీ, చివర డాట్ పీడీఎఫ్. లొకేల్ (సర్వర్ భాష సెట్టింగ్) "సి" అని ఉంటే ఆ ఫంక్షన్ ఆస్కీ కాని, అంటే ఇంగ్లిషువి కాని, అక్షరాల్ని అక్షరాలుగానే లెక్కవేయక రాల్చేస్తుందట. సెమీకోలన్‌కి భద్రంగా కోట్స్ కట్టి పంపుతుంది, అ ఆ ఇ ఈలను గుమ్మంలోనే ఊడ్చేస్తుంది. సెట్‌లొకేల్‌తో యూటీఎఫ్-8 అని ఒక్క లైన్ రాస్తే సర్దుకుంది. ఆ లైన్ దొరకడానికి ఒక పూట పట్టింది.

ఆ తర్వాత వీడియోలు వచ్చాయి. వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్‌ని పిలవమన్నాను. చివర & పెట్టి "వెనకాల చేసుకో" అన్నాను. నువ్వు కదల్లేదు. అవుట్‌పుట్‌ని ఎక్కడికో మళ్లించకపోతే నువ్వు దాని కొంగు వదలవట. పీహెచ్‌పీ గడువు 30 సెకన్లు ఉంది కదా, అదే తెంచుతుందనుకున్నాను. లినక్స్‌లో ఆ గడియారం నువ్వు బయట తిరిగే సమయాన్ని లెక్కే పెట్టదు. 60 సెకన్లకి ముందు కూర్చున్న వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌కే విసుగొచ్చి 504, అంటే గడువు దాటిందని, చూపించింది. చూసినవాళ్లు ఏం చేస్తారు, రిఫ్రెష్ కొట్టారు. ఇంకో ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్. మళ్లీ కొట్టారు. ఇంకోటి. కాసేపటికి సర్వర్లో మెమరీ అయిపోయి, కెర్నల్ కత్తి దూసి ఒక్కొక్కదాన్నీ నరికింది. చివరి గుర్తు తీసేసి పిలిచినప్పుడూ ఇదే గతి, అప్పుడు నువ్వు 137 అన్నావు. 128కి చంపే సిగ్నల్ నంబరు 9 కలిపితే వచ్చేది. అంటే చంపేశారని. చావుకబురు కూడా కూడికలోనే చెప్పాలా?

నీ చుట్టాల సంగతి క్లుప్తంగా. సిస్టమ్ నోరాగనిది, ప్రోగ్రామ్ ఏమన్నా తిన్నగా బ్రౌజర్లోకే అరిచేస్తుంది. షెల్‌ఎక్సెక్ పని చెడినా నల్ (ఏమీ లేదు) అంటుంది, ప్రోగ్రామ్‌కి చెప్పడానికేమీ లేకపోయినా నల్ అంటుంది. బ్యాక్‌టిక్ అయితే ఎస్కేప్ కీ కింద నక్కిన చిన్న గీత, కోడ్ చదివేవాడికి కంటికి కూడా ఆనదు. మీ ఇంట్లో ప్రయోజకుడంటూ ఉంటే ప్రాక్‌ఓపెన్ ఒక్కడే. 7.4 వెర్షన్ నుంచి కమాండ్‌ని అర్రేగా ఇస్తే షెల్ గుమ్మం తొక్కకుండానే పని చేసుకొస్తాడు, సెమీకోలన్ సెమీకోలన్‌గానే మిగులుతుంది. కాకపోతే ప్రోగ్రామ్ మాటలు మోసే రెండు పైపుల్లో ఒకటే చదువుతూ కూర్చుంటే రెండోది 64 కేబీ దగ్గర నిండి, ప్రోగ్రామూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆగిపోతాం. వంశం పేరు పూర్తిగా పోదుగా.

చాలా హోస్టింగుల వాళ్లు డిజేబుల్ ఫంక్షన్స్ అనే నిషేధ జాబితాలో నీ పేరు మొట్టమొదట రాసి నిన్ను గడప తొక్కనివ్వరు. వాళ్లది కఠినత్వం అనుకునేవాణ్ణి. ఇప్పుడు బొమ్మల పనీ వీడియోల పనీ ఒక క్యూలో వేసి, దాని వెనక వేరే యూజర్ పేరుతో ఒక వర్కర్‌ని కూర్చోబెట్టాను. ఫైళ్ల పేర్లు నేనే పెడతాను, ఉత్త అంకెలు. 777 తీసేశాను. వెబ్ పేజీకీ నీకూ మధ్య ఇక మాటల్లేవు.

ఇదంతా చదివి నొచ్చుకుని జవాబు రాయాలనిపిస్తే రాయి. ఒక్కటే మనవి, చివరి లైన్ ఒక్కటే పంపకు.

ఇట్లు,
నీ పాత యజమాని