వెయ్యికి 24 కొసరు

విశాఖలో కొలతల దగ్గర బోల్తా పడేవాళ్ళు తక్కువ. హార్బర్‌లో సరుకు టన్నుల్లో, ఓడ వేగం నాట్స్‌లో, మధురవాడ స్థలం గజాల్లో చెబుతారు. అదే స్థలం ఊరు దాటితే సెంట్లలోకి మారుతుంది. అయినా ఎవరికీ టెన్షన్ లేదు. అలాంటి ఊళ్ళో, స్టోర్స్ సెక్షన్‌లో లెక్కలు రాసి రిటైరైన మా మావయ్యను ఒక పాత కంప్యూటర్ రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఇది చిన్న విషయం కాదు కాబట్టి ప్రభుత్వం దృష్టికి తెస్తున్నాను.

ఎంవీపీ కాలనీలో మావయ్య ఇంట్లో ఓ పాత పీసీ ఉంది. అందులో 30 జీబీ పెళ్ళి ఫొటోలు, వీడియోలు. వాటిని యూఎస్‌బీ మీద కొత్త డిస్కులోకి ఎక్కించాలి. ఆ పోర్టు యూఎస్‌బీ 1.1, వేగం 12 అని కాగితం మీద ఉంది. మావయ్య పెన్ను తీశారు. 30 జీబీ అంటే ముప్పై వేల ఎంబీ, దాన్ని 12తో భాగిస్తే 2,500 సెకన్లు. ‘‘నలభై రెండు నిమిషాలు. భోజనం చేసి లేచేసరికి అయిపోద్ది,’’ అన్నారు.

ఆ 12 మెగాబైట్లు కాదు మావయ్యా, మెగాబిట్లు అన్నాను. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. అంటే సెకనుకి ఒకటిన్నర మెగాబైట్లే. లెక్క అయిదున్నర గంటలు దాటింది. మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ‘‘సరుకేమో బస్తాల్లో చెప్పి, బండి వేగం గింజల్లో చెబుతారేట్రా?’’

ఇంకా అయిపోలేదు. విండోస్ చూపించే 30 జీబీలో కొసరు ఉంటుంది. పూర్ణా మార్కెట్‌లో వంకాయలు తూచాక ఇంకో కాయ పైన వేసినట్టు, అక్కడ కిలో అంటే 1,000 కాదు, 1,024. బస్ (రోడ్డు మీది బస్సు కాదు, కంప్యూటర్‌లో డేటా నడిచే దారి) వేగాలు చెప్పేవాళ్ళు మాత్రం కొసరు వెయ్యరు, వాళ్ళకి వెయ్యంటే వెయ్యే. ఈ కొసరు కిలోకి రెండున్నర శాతం లోపే ఉంటుంది గానీ, గిగాకి వచ్చేసరికి ఏడు దాటుతుంది, టెరాకి పది దగ్గరికి పోతుంది. దాన్నీ కలిపితే ఆరు గంటలకి రెండు నిమిషాలు తక్కువ. ఆ పోర్టు చెప్పిన వేగాన్ని ఎప్పుడూ అందుకోదు కాబట్టి, రాత్రి తొమ్మిదికి మొదలైన కాపీ పాల ప్యాకెట్లు వచ్చే వేళకి ముగిసింది.

ఫ్లాపీ సంగతైతే చెప్పుకోకపోవడమే నయం. 1.44 ఎంబీ ఫ్లాపీలో నిజంగా పట్టేది 14,74,560 బైట్లు. వెయ్యి లెక్కన 1.47, 1,024 లెక్కన 1.41. మరి 1.44 ఎక్కడిది? ఒకసారి 1,024తో, ఇంకోసారి 1,000తో భాగిస్తే వచ్చింది. ఒక చేత్తో కొసరు వేసి రెండో చేత్తో తీసేసిన ఇలాంటి తూకాన్ని ఏ కూరగాయల కొట్టులోనూ నేను చూడలేదు.

సీడీ డ్రైవ్ మీద 52 ఎక్స్, పక్కన డీవీడీ డ్రైవ్ మీద 16 ఎక్స్. మావయ్య 52 వైపే మొగ్గారు. సీడీకి ఎక్స్ అంటే సెకనుకి 150 కేబీ, డీవీడీకి ఎక్స్ అంటే 1,385. ఆయనకి ఇది చెప్పాల్సిన తీరు వేరే ఉంది: ‘‘16 సెంట్లు ఎక్కువా, 52 గజాలు ఎక్కువా?’’ సెంటుకి 48.4 గజాలని ఆయనకి నిద్రలో అడిగినా తెలుసు. వెంటనే అర్థమైంది. (ఆ 52 కూడా డిస్కు చివరి అంచుకి వెళ్ళాకే వస్తుంది. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు, బీపీ ఉంది.)

నా పరువు పోయింది సాటా దగ్గర. ఐడీఈ, సాటా అంటే డిస్కుని కంప్యూటర్‌కి తగిలించే రెండు రకాల తీగలు. పాత ఐడీఈ డిస్కు మీద 133, తర్వాత వచ్చిన సాటా మీద 1.5. ‘‘ఏట్రా, రివర్స్‌లో పోతున్నారా?’’ 133 అంటే మెగాబైట్లు, 1.5 అంటే గిగాబిట్లు మావయ్యా అని, ఎనిమిదితో భాగించి 187.5 మెగాబైట్లు అన్నాను. తప్పు. ఆ తీగలో ఎనిమిది బిట్లు పంపడానికి పది బిట్లు వాడతారు, కాబట్టి 150. మిగతాది తరుగు. బంగారం కొట్టువాడైనా తరుగు బిల్లులో రాస్తాడు.

1998లో అంతర్జాతీయ ప్రమాణాల వాళ్ళు ఈ గొడవ తేల్చడానికి 1,024 బైట్లకి కిబీబైట్ అని వేరే పేరు పెట్టారు. ఆ మాట పలికిన మనిషిని విశాఖలో నేనింకా కలవలేదు.

కాబట్టి నా విన్నపం ఒకటే. కూరగాయల బండి మీది తూకపు రాయికి ముద్ర వేసే తూనికలు, కొలతల శాఖవారు హార్డ్ డిస్కులకీ ముద్ర వెయ్యాలి. పెట్టె మీద బిట్టో బైటో తెలుగులో రాయించాలి. కొసరుందా లేదా, తరుగు ఎంత, అవి కూడా.

శాఖవారు కదిలే లోపు మావయ్యే కదిలారు. కొత్త 1 టీబీ డిస్కు పెడితే 931 జీబీ చూపించింది. సాయంత్రం సంచీలో వేసుకుని ద్వారకానగర్‌లో కొన్న కొట్టుకి వెళ్ళి, మిగతా 69 జీబీ కొసరు వెయ్యమన్నారు. కొట్టువాడు కాసేపు ఆలోచించి మౌస్ ప్యాడ్ ఇచ్చాడు.